సున్నా గడిలో పెళ్ళికొడుకు

ఆ లంక ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని గవర్రాజు ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. ఇరుగుపొరుగుకి కాస్త పంచుదామన్నా వాళ్ళే వద్దనేవారట, పాపం. కొడుకు తాతబ్బాయి పట్నంలో కంప్యూటర్ క్లాసుకి వెళ్ళడం మొదలెట్టాక వీళ్ళకి ఇక పట్టపగ్గాల్లేవు. "మావాడు మేష్టారు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, పొల్లుపోనివ్వడు" అని తల్లి సత్తెమ్మ మురిసిపోయేది. నిజమే మరి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవేళ తాతబ్బాయి పెళ్ళి. పెళ్ళికూతురు వరహాలుది కాలవ అవతలి ఊరు. ఆ పిల్లంటే వాడికి ప్రాణం. ఈ ముహూర్తం తప్పితే మళ్ళీ ఏడాది దాకా మంచిరోజు లేదని పంతులుగారు ముందే చెప్పారు. చుట్టాలంతా అవతలికి వెళ్ళిపోయారు. తాతబ్బాయి, అమ్మ, నాన్న, మేనమామ బుల్లియ్య మిగిలారు. నలుగురూ పెందరాళే రేవుకొచ్చారు.

"ఎక్కండి బాబూ, పదిమందెక్కినా మునగదు" అన్నాడు పడవ పోలయ్య.

తాతబ్బాయి చెయ్యడ్డం పెట్టాడు. వాడి గుండె ఉప్పొంగిపోతోంది. నిన్న క్లాసులో మేష్టారిచ్చిన లెక్క అచ్చం ఇదే! కొందరు మనుషులు, ఒక పడవ, ఇద్దరే ఎక్కాలి. "ముందు అందర్నీ బరువు వరసన పెట్టు. పక్కపక్కవాళ్ళని పోల్చు, ఎడమవాడు బరువైతే చోట్లు మార్చు. తరవాత అందరికన్నా తేలికవాణ్ణి అందరికన్నా బరువైనవాడితో జతచెయ్యి" అన్నారాయన.

"ఇద్దరే ఎక్కాలి పోలయ్యా, మేష్టారి మాట."

"ఆయన నా పడవ చూశాడా బాబూ?"

"చూడకుండానే చెప్పాడంటే ఎంత తెలివైనవాడో చూడు!" అన్నాడు గవర్రాజు.

అంతే, ఒడ్డున గళ్ళు గీసి నిలబడ్డారు. తూకం లేదు గనక ఒకళ్ళనొకళ్ళు ఎత్తి చూసుకున్నారు. ఎడమనున్న నాన్న, పక్కనున్న అమ్మకన్నా బరువు. చోట్లు మారబోతుంటే తాతబ్బాయి గావుకేక పెట్టాడు.

"ఆగండి! మారేటప్పుడు ఒకళ్ళు ముందు పక్కనున్న ఖాళీ చోట్లోకి వెళ్ళాలి. అప్పుడే రెండోవాళ్ళు కదలాలి."

గళ్ళ పక్కన ఖాళీగా ఉన్నది కాలవే. ఇంకేముంది, గవర్రాజు పట్టుపంచెతో సహా నీళ్ళలో దిగాడు. సత్తెమ్మ ఆయన గడిలోకి జరిగింది. ఆయన పైకొచ్చి ఆవిడ గడిలో నిలబడ్డాడు.

ఇప్పుడు నాన్న తడిసి, పక్కనున్న మావయ్యకన్నా బరువెక్కాడు. మళ్ళీ మార్పు. ఈసారి మావయ్య దిగాడు. తడిసొచ్చిన మావయ్య నాన్నకన్నా బరువు. మళ్ళీ మార్పు. నాన్న దిగాడు. ఎన్నిసార్లు దిగినా ఇదే వరస. అవతలి గట్టున సన్నాయి మొదలైంది. తాతబ్బాయి అటు చూశాడు. అయ్యో వరహాలూ!

"అందరం ఒక్కసారే మునుగుదాం. తడి సమానమైపోతుంది!" అన్నాడు.

"నా తండ్రే! ఈ ఆలోచన ఇంకెవరికొస్తుంది!" అని సత్తెమ్మ మెటికలు విరిచి, ముక్కు మూసుకుని మునిగింది.

ఆఖరికి వరస కుదిరింది. అందరికన్నా తేలిక తాతబ్బాయి. తరవాత అమ్మ, నాన్న, మావయ్య. మేష్టారు సున్నా నుంచి లెక్కపెట్టమన్నారు గనక వాడు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.

"నేను సున్నా. అమ్మ ఒకటి, నాన్న రెండు, మావయ్య మూడు."

బుల్లియ్య గడ్డం గోక్కున్నాడు. "సున్నా అంటే లేనట్టే కదరా అల్లుడూ. లేనివాడికి పడవెందుకు?"

తాతబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. "నిజమే మావయ్యా, మీరు వెళ్ళండి" అన్నాడు.

ముందు అమ్మా మావయ్యా, తరవాత నాన్నా దాటారు. "పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేంటి బాబూ!" అని పోలయ్య మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తాతబ్బాయి తన గడిలో కదలకుండా నిలబడ్డాడు. తన పెళ్ళి తను లేకుండా జరగబోతోందని వాడికి ఏడుపొచ్చింది. లెక్క తప్పలేదు కదా అని కాస్త ఊరట కూడా కలిగింది.

ఇంతలో పడవ మళ్ళీ వచ్చింది. అందులో బాసికంతో సహా వరహాలు!

"మీరు సున్నాలో ఉన్నారని మీ మావయ్యగారు చెప్పారండీ. ఇంకా కాస్త టైముంది, రండి, ఇద్దరం వెళ్ళిపోదాం."

తాతబ్బాయి ఆనందంతో పడవలో కాలు పెట్టాడు. పెట్టిన కాలు వెంటనే తీసేశాడు. "అమ్మో! కొత్తమనిషి చేరితే వరస మళ్ళీ మొదటినుంచీ పెట్టాలి! పోలయ్యా, మావాళ్ళందర్నీ వెనక్కి తీసుకురా!"

పోలయ్య తల బాదుకుంటూ వెళ్ళి, ముగ్గుర్నీ రెండు విడతలుగా తీసుకొచ్చాడు. అందరూ గళ్ళలో నిలబడ్డారు. చివర మరో గడి గీసి, తాతబ్బాయి సిగ్గుపడుతూ వరహాల్ని ఎత్తబోయాడు.

ఆ పిల్ల గబుక్కున వెనక్కి జరిగింది. "ఆగండాగండి! మీరంతా తడిగా ఉన్నారు, నేనేమో పొడిగా ఉన్నాను. లెక్క తప్పిపోదూ?" అని, పట్టుచీరతో కాలవలోకి దూకేసింది.

గవర్రాజు కళ్ళు చెమర్చాయి. సత్తెమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎంత తెలివిరా అబ్బాయ్! మనింటికి తగిన కోడలు" అంది.

అవతలి గట్టున పంతులుగారు కళ్ళు మూసుకుని మంత్రాలు చదువుతూ చదువుతూ, ముహూర్తం కాగానే "గట్టిమేళం!" అన్నారు. ఖాళీ పీటల ముందు మేళం మోగిపోయింది.