కొన్నానన్న ఒక్క మాట

మేఘగిరి అనే ఒకానొక చిన్న రాజ్యాన్ని వీరకంఠీరవుడనే రాజు ఏలుతుండేవాడు. రాజు మంచివాడే. కాని తనంత త్వరగా నిర్ణయం తీసుకునేవాడు ముల్లోకాల్లోనూ లేడని ఆయన నమ్మకం. ముందు పప్పు వడ్డించాలా, పులుసు వడ్డించాలా అన్నది కూడా చిటిక వేసి తేల్చేవాడు. చూసినవాళ్లు "ఆహా!" అనాలి. అనకపోతే మళ్లీ వేసేవాడు.

ఒకనాడు సలహా అడగడానికి కొలువుకు ఇద్దరు వచ్చారు. ఒకామె పూలదండలు కట్టి బతికే సూరమ్మ. భర్త పోయాడు, పిల్లల్లేరు. పొరుగూళ్లో చెల్లెలి పంచన చేరదామని ఇల్లు అమ్మజూపింది. రెండోవాడు ఆ ఇల్లు కొనబోయిన గానుగ బసవయ్య. ధర కుదిరింది గాని, ఇద్దరికీ మనసు కుదరలేదు.

"వానొస్తే ఇల్లు కురుస్తుందేమో, ఎండాకాలం బావి ఎండుతుందేమో ప్రభూ! జన్మంతా కూడబెట్టింది ఇందులో పోస్తున్నాను" అన్నాడు బసవయ్య.

"చెల్లెలికీ నాకూ పడకపోతే మళ్లీ ఏ చూరు కిందికి పోను ప్రభూ?" అంది సూరమ్మ.

రాజు ఫకాలున నవ్వాడు. "ఇల్లు కొనడమంటే ఒక్క మాట. అమ్మడమంటే మరొక్క మాట. రేపు పొద్దుగుంకేలోగా తేల్చుకోండి. లేదా ఆ ఇల్లు ఖజానాకు జమ!" అని చిటిక వేశాడు.

సభ "ఆహా!" అంది. సూరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ కొలువులో లింగన అనే చమత్కారి ఉన్నాడు. సూరమ్మ కన్నీళ్లు చూసి అతను "ఆహా" అనలేకపోయాడు. లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఏటి ఒడ్డున విడిది ఇల్లొకటి కావాలని ఏలినవారు ఎన్నాళ్లుగానో అంటున్నారు. నా ఇల్లు ఏటి ఒడ్డునే ఉంది, అమ్ముతాను. ఇల్లు ఎలా కొనాలో తమరు ఈ అమాయకులకు చూపించాలి."

"భేష్! ఎంతసేపు!" అని రాజు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది. "అవునుగాని లింగనా, ఏరు పొంగితే నీళ్లు లోపలికి రావు కదా?"

"ఒక్క మాట చాలన్నారు కదా ప్రభూ?"

"మాటవరసకు అడిగాను."

తెరవెనుక నుంచి రాణిగారి గొంతు వినిపించింది. "వంటిల్లు ఏ మూలన ఉందో కనుక్కోండి!"

"పొరుగువాళ్లెలాంటివాళ్లు?" అన్నాడు మంత్రి.

రాజు ముందుకు వంగాడు. "అసలు నువ్వెందుకు అమ్ముతున్నావు?"

లింగన తల దించుకుని నేల చూశాడు. "ఆ ఒక్కటీ అడక్కండి ప్రభూ. ముందు కొన్నానని అనండి, తరవాత చెబుతాను."

రాజు నుదుట చెమట పట్టింది. "ఇల్లు చూడందే కుదరదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పరివారమంతా లింగన ఇంటికి బయలుదేరింది. సూరమ్మనూ బసవయ్యనూ కూడా రప్పించారు. రాజు గోడలు తట్టి చూశాడు. బావినీళ్లు పుక్కిలించి చూశాడు. పక్కింటి ముసలమ్మ అరుగు మీద కూర్చుని, "పెద్దమ్మా, ఇటువైపు పాములు తిరుగుతాయా?" అని ఆరా తీశాడు.

"పాములా! లింగన వాగుడు విని అవి ఎప్పుడో ఊరు దాటాయి నాయనా" అంది ఆమె.

బసవయ్య ఉండబట్టలేక, "ప్రభూ, ఆ దూలం చూశారా? చెద పట్టినట్టుంది" అని చెవిలో ఊదాడు. ఇక రాజూ గానుగవాడూ ఒకే నిచ్చెనెక్కి, తలలు ఆనించి దూలం గోకుతూ కూర్చున్నారు. మధ్యాహ్న భోజనం సంగతే మరిచారు.

పొద్దు వాలింది. లింగన నిచ్చెన కింద నిలబడి దగ్గాడు.

"ప్రభూ, పొద్దుగుంకుతోంది. కొంటారా, మానేస్తారా? తేలకపోతే తమ ఆజ్ఞ ప్రకారం నా ఇల్లు ఖజానాకు పోతుంది."

"ఉండవయ్యా!" అని కసురుకున్నాడు రాజు. "ఇల్లంటే ఏమనుకున్నావు? ఒక్కరోజులో తేలే వ్యవహారమా?"

అన్నాక ఆయనకే తన మాట వినిపించింది. పక్కన బసవయ్య మొహం చూశాడు. కింద సూరమ్మను చూశాడు. నెమ్మదిగా నిచ్చెన దిగి వచ్చాడు.

"అమ్మా, నిన్నటి ఆజ్ఞ రద్దు. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఆలోచించుకో" అన్నాడు.

అప్పటికి సూరమ్మకు గుండె కుదుటపడింది. బసవయ్య వైపు తిరిగింది. "అన్నా, భయంతో దాచాను. తూర్పు గాలివాన కొడితే పడకటింట్లో ఒక మూల కురుస్తుంది. బావి మాత్రం నా ఎరుకలో ఎండలేదు."

"ఆ మాట ముందే చెబితే ఇంతదూరం వచ్చేవాళ్లమా అక్కా!" అన్నాడు బసవయ్య. "కురిసే మూల నేను కప్పించుకుంటాను. చెల్లెలి దగ్గర నీ మనసు కుదిరేదాకా వీధిగది నీదే. తాళం నీ దగ్గరే ఉంచుకో."

బేరం అక్కడికక్కడే ముడిపడింది.

రాజు లింగన భుజం పట్టుకున్నాడు. "నిజం చెప్పు. నేను నిన్ననే కొన్నానని అనేసి ఉంటే ఏం చేసేవాడివి?"

"నేనేం చేస్తాను ప్రభూ? ఈ ఇల్లు మా మామగారు కూతురికిచ్చింది. నాకిందులో ఉన్నది భోజనం, పడక. అమ్ముతున్నట్టు మా ఆవిడకింకా తెలియదు. ఆమెతో మాట్లాడుకోమని తమనే పంపేవాణ్ణి."

అంతవరకూ, రాజుగారు ఊరికే ఇల్లు చూడ్డానికి వచ్చారనుకుని పొయ్యి దగ్గర పాయసం కలుపుతున్న లింగన భార్య అచ్చమ్మ, గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమిటీ, అమ్మకమా?" అంది.

రాజు చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. తరవాత పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి లింగనకు వెయ్యబోయి, ఆగి, అచ్చమ్మ చేతిలో పెట్టాడు.

"తల్లీ, ఇది నీ దగ్గర ఉంచు. ఇతని దగ్గరుంటే రేపు దీన్నీ నాకే అమ్ముతాడు!"