నాంచారమ్మ వడ్డించిన పొన్నగంటి కూర

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పసివాళ్ళుగా ఉన్న కాలంలో, హేమలపాడు అని ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని ఏలే రాజుకు పిల్లలంటే ప్రాణం.

ఆయన ఏటి ఒడ్డున ఒక బడి కట్టించాడు. గొర్రెల కాపరుల పిల్లలు, నేతపని వాళ్ళ పిల్లలు, కుండలు చేసేవాళ్ళ పిల్లలు అందరూ ఆ బడికే వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం భోజనం అక్కడే. "నా బడిలో ఏ బిడ్డా నోరు తీపి చేసుకోకుండా ఇంటికి పోకూడదు" అని రాజుగారి ఆజ్ఞ.

ఆ బడిలో వంట చేసేది నాంచారమ్మ. ఆమెకు యాభై ఏళ్ళు దాటాయి. భర్త ఎప్పుడో పోయాడు. కడుపున పుట్టిన బిడ్డలు లేరు. బడిలో ఉన్న నలభై మంది పిల్లలే ఆమెకు లోకం. వాళ్ళంతా ఆమెను "అమ్మమ్మా" అని పిలిచేవాళ్ళు.

రోజూ మల్లెపువ్వులాంటి తెల్లన్నం, పలుచటి చారు, నూనెలో వేగిన అప్పడం వడ్డించేది. అన్నం సగం తిన్నారో లేదో, పిల్లల చూపులు ఆమె చేతిలోని బుట్ట మీదికి పోయేవి. ఆ బుట్టలో లడ్డూలు, జంతికలు ఉండేవి. కోట వీధిలో మిఠాయిలు అమ్మే రంగదత్తుడు రాజుగారి ఖర్చు మీద వాటిని పంపేవాడు.

"అమ్మమ్మా, నాకు ఇంకొకటి!"

"అమ్మమ్మా, నాకు పెద్దది!"

పిల్లలు ఆమె కొంగు పట్టుకుని వేలాడేవాళ్ళు. నాంచారమ్మకు ఆ క్షణం కోసమే బతుకుతున్నట్టు ఉండేది. అడిగిన వాళ్ళకు అడిగినన్ని పెట్టేది. పిల్లలు పారేసిన అన్నం మాత్రం ఏటి గట్టు మీద ఆవులు తినేవి.

భోజనాలయ్యాక బడి మగతగా ఉండేది. పంతులుగారు పద్యం చెబుతుంటే పిల్లలు గోడలకు ఆనుకుని తూగేవాళ్ళు. ఒకడికి పన్ను సలుపు. ఒకడికి నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. "ఎండలు కదా" అనుకునేది నాంచారమ్మ. ఎండలు పోయి వానలు వచ్చాయి. అప్పుడూ అంతే.

ఒకరోజు పొద్దుగూకే వేళ నాంచారమ్మ కడిగిన గిన్నెలు బోర్లిస్తోంది. బయట ధభీమని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే, బడి వాకిట్లో చెంగల్వ పడి ఉంది. నేతగత్తె కూతురు. ఏడేళ్ళ పిల్ల. అందరూ వెళ్ళిపోయినా, అరుగు మీద పలక మరిచిపోయానని వెనక్కి వచ్చింది. ఎదురుగా ఉన్న రోలు తగిలి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది.

"అయ్యో తల్లీ! ఇంత రోలు కనపడలేదా?"

చెంగల్వ ఏడవలేదు. చేతులు చాచి, గాలిలో తడుముకుంటూ నాంచారమ్మ భుజం పట్టుకుంది.

"అమ్మమ్మా, పొద్దుగూకితే నాకేమీ కనపడదు. అంతా బూడిద కప్పినట్టు ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచే?"

"వానలు మొదలైనప్పటి నుంచి. ఎవరితోనూ అనకు. మా అమ్మకు తెలిస్తే బడి మాన్పిస్తుంది."

నాంచారమ్మ పిల్లను ఎత్తుకుని నేరుగా వైద్యుడు భద్రయ్య ఇంటికి పోయింది. ఆయన దీపం దగ్గరగా పెట్టి చెంగల్వ కళ్ళు చూశాడు. చిగుళ్ళు చూశాడు. గోళ్ళు చూశాడు.

"రేచీకటి. ఈ పిల్ల ఏం తింటుంది?"

"ఇంట్లో పొద్దున గంజి, రాత్రి గంజి" అంది నాంచారమ్మ. "తల్లి ఒక్కతే మగ్గం మీద కష్టపడుతోంది. మధ్యాహ్నం మాత్రం కడుపునిండా బడిలోనే."

"బడిలో ఏం పెడతారు?"

నాంచారమ్మ చెప్పబోయింది. ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. తెల్లన్నం, చారు, అప్పడం, లడ్డూ. చెప్పడానికి అంతకన్నా ఏమీ లేదు.

భద్రయ్యకు అర్థమైంది. కోప్పడలేదు. "అమ్మా, దీనికి నా దగ్గర ఉన్న మందు కన్నా నీ పొయ్యి మీద ఉడికేదే పెద్ద మందు. ఆకుకూర, పప్పు, గుమ్మడికాయ, గుడ్డు, గుక్కెడు పాలు. పొన్నగంటి కూర అయితే కళ్ళకు మరీ మంచిది. ఇప్పుడు జాగ్రత్త పడితే చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే పగటి చూపూ పోవచ్చు" అన్నాడు.

పిల్లను ఇంటి దగ్గర దింపి, తల్లికి ఉన్న మాట చెప్పింది నాంచారమ్మ. "రెండు నెలలు ఓపిక పట్టు. బడి మాన్పించకు. దాని తిండి నాకు వదిలెయ్" అని చేతులు పట్టుకుని బతిమాలింది.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ ఏటి గట్టుకు పోయి ఒడినిండా పొన్నగంటి ఆకు కోసుకొచ్చింది. కందిపప్పులో వేసి మెత్తగా ఉడికించింది. మిఠాయి బుట్ట ముట్టుకోలేదు.

పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పచ్చగా ఉన్న పప్పును చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇదేం గడ్డి?" అన్నాడు కుమ్మరివాళ్ళ వీరన్న. అందరూ నవ్వారు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఆవులకు ఆ రోజు పండగ.

రెండోరోజు నాంచారమ్మ పంతులుగారి బెత్తం అడిగి తెచ్చుకుంది. "విస్తరి ఖాళీ చేయనివాడు ఆటకు పోవడానికి వీల్లేదు" అని వరసల మధ్య తిరిగింది. పిల్లలు తలలు వంచుకుని నమిలారు. కొందరు కూర ముద్దలు లాగూలో దాచుకున్నారు. చెంగల్వ ఆదరాబాదరాగా మింగి, అంతా కక్కుకుంది. బెదిరిపోయిన ఒక చిన్నపిల్ల, "నువ్వు మా అమ్మమ్మవి కాదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాంచారమ్మ చేతిలోంచి బెత్తం జారిపోయింది. ఆ సాయంత్రం చల్లారిన పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. బెత్తం పట్టుకున్నప్పుడూ, బుట్ట పట్టుకున్నప్పుడూ తాను పిల్లలను ఒక్కనాడూ ఏమీ అడగలేదు, వాళ్ళకు ఏమీ చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తోచింది.

మూడోరోజు ఆమె వంట మొదలుపెట్టలేదు. పిల్లలందరినీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి, తానూ నేల మీద కూర్చుంది.

"బిడ్డలూ, మీ దగ్గర ఒక తప్పు ఒప్పుకోవాలి" అంది. "ఇన్నాళ్ళూ మీకు నచ్చిందే పెట్టాను. ఎందుకో తెలుసా? మీరు నన్ను 'అమ్మమ్మా' అని చుట్టుకుంటారని. మీ ఒంటికి ఏం కావాలో చూడలేదు. నా ముద్దు నేను చూసుకున్నాను."

పిల్లలు ఇంకా దగ్గరకు జరిగారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

అప్పుడు చెంగల్వ లేచి నిలబడింది. "నాకు సాయంత్రమైతే కళ్ళు కనపడవు" అంది. "అందుకే అమ్మమ్మ ఆ కూర వండింది. నా కోసం."

వీరన్న తల గోక్కుంటూ, "నాకూ అంతే. చెబితే నవ్వుతారని చెప్పలేదు" అన్నాడు. మూలనుంచి ఇంకో గొంతు, "నాకూ" అంది.

నాంచారమ్మ ముగ్గురినీ దగ్గరకు లాక్కుంది.

"అయితే ఏం చేద్దాం?" అని అందరినీ అడిగింది.

"కూర తింటాం గానీ, చప్పగా ఉంది అమ్మమ్మా" అన్నాడు ఒకడు.

"చింతచిగురు వెయ్యి!"

"మా అమ్మ వెల్లుల్లి వేసి వేయిస్తుంది!"

ఇక ఆ బడి వంటిల్లు తిరునాళ్ళలా మారింది. కొందరు ఏటి గట్టుకు పోయి ఆకు కోశారు. కొందరు కడిగారు. కొందరు వెల్లుల్లి ఒలిచారు. వీరన్న ఉప్పు చూసి, "ఇంకొంచెం" అన్నాడు. తాము కోసిన ఆకు, తాము రుచి చెప్పిన కూర. ఆ రోజు విస్తళ్ళలో మెతుకు మిగల్లేదు. ఆవులు వచ్చి, చూసి, తిరిగి వెళ్ళిపోయాయి.

తరువాతి రోజుల్లో దంపుడు బియ్యం వచ్చింది. పెసరకట్టు వచ్చింది. గుమ్మడికాయ పులుసు, వారానికి రెండుసార్లు గుడ్డు, రోజూ గిన్నెడు మజ్జిగ వచ్చాయి. తీపి పోలేదు. లడ్డూకు బదులు నువ్వులూ బెల్లమూ దంచి పిల్లలే ఉండలు చేసుకున్నారు. ఒకసారి కాకరకాయ వండితే మాత్రం ఎవరూ తినలేదు. నాంచారమ్మ నవ్వేసి, "ఇది నా ఒక్కదానికే" అని పక్కన పెట్టుకుంది.

మిఠాయి బుట్టలు వెనక్కి తిరిగి వస్తుంటే రంగదత్తుడికి ఒళ్ళు మండింది. మొదట కోట పెద్దలతో చెప్పాడు. తరువాత సంతలో చాటాడు. రెండు నెలలయ్యాక నేరుగా రాజుగారి దగ్గరకే పోయాడు.

"ప్రభూ, ఆ వంటమనిషి మీ ఆజ్ఞను కాలరాసింది. ఏటి గట్టున పశువులు మేసే ఆకు మీ పిల్లల చేత తినిపిస్తోంది."

రాజుకు కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నమే బడికి వచ్చాడు. వెనకాల రంగదత్తుడు రెండు బుట్టల లడ్డూలతో వచ్చాడు.

"నాంచారమ్మా, నా తీపి ఎందుకు ఆపావు?"

ఆమె గరిటె పక్కన పెట్టింది. ఈ వంటిల్లు పోతే తనకు నిలువనీడ లేదు. అయినా దాచలేదు. "తప్పు నాదే మహారాజా. పిల్లల కోసమే ఆపాను. తమరితో ముందు చెప్పి ఉండాల్సింది. ఏ శిక్ష వేసినా పడతాను. తమరు మాత్రం ఒక్కసారి వాళ్ళనే అడగండి."

రాజు పిల్లల వైపు తిరిగాడు. "భయపడకండి. నిజం చెప్పండి. మీకు లడ్డూలు ఇష్టం లేదా?"

పిల్లలు బుట్టల వైపు చూశారు. కొందరు గుటకలు మింగారు.

"ఇష్టమే!" అన్నాడు వీరన్న.

రంగదత్తుడు మీసం దువ్వాడు. నాంచారమ్మ కళ్ళు దించుకుంది.

"ఇష్టమే గానీ మహారాజా," అన్నాడు వీరన్న, "ఇప్పుడు నేను ఏటి దాకా ఆగకుండా పరుగెత్తగలను. అప్పుడు సగం దారిలోనే కూలబడేవాణ్ణి."

"నాకు పన్ను సలుపు తగ్గింది. పద్యం మొత్తం వచ్చేసింది. చెప్పనా?" అంది ఇంకో పిల్ల.

చివరికి చెంగల్వ ముందుకు వచ్చింది. రాజుగారి ముఖంలోకి సూటిగా చూసింది.

"నిన్న సాయంత్రం, దీపం పెట్టకముందే, మా అమ్మ ముఖం నాకు కనిపించింది మహారాజా. అమ్మ నవ్వుతూ ఏడ్చింది. రెండూ కనిపించాయి."

రాజు కళ్ళు తడిశాయి. చెప్పులు విడిచి, పిల్లల వరసలో చెంగల్వ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాంచారమ్మా, నాకూ ఒక విస్తరి వెయ్యి" అన్నాడు.

ఆమె వడ్డించింది. రాజు పొన్నగంటి పప్పు కలుపుకుని తిన్నాడు. మళ్ళీ వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని రంగదత్తుణ్ణి పిలిచాడు.

"దత్తా, నీ లడ్డూలు మంచివే. పండగ రోజుల్లో పంపు, అందరం తింటాం. మిగతా రోజులకు మంచి నువ్వులు, పప్పులు, బెల్లం తెప్పించి ఇవ్వు. పిల్లల మేలు చూసేవాడు రాజ్యంలో ఎన్నటికీ నష్టపోడు."

రంగదత్తుడు తల వంచి, "చిత్తం ప్రభూ" అన్నాడు. అంతలో ఒక చిన్నపిల్ల తన నువ్వుండ సగం విరిచి అతని చేతిలో పెట్టింది. అతను అది తిని, తనకు తెలియకుండానే రెండో సగం కోసం చెయ్యి చాచాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు.

రాజ్యంలో ప్రతి బడి పక్కనా ఒక కూరమడి వేయించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. నాంచారమ్మ ఊరూరా తిరిగి వంటవాళ్ళకు నేర్పింది. ముందుగా వాళ్ళకు చెప్పే మాట మాత్రం ఉప్పు గురించో పులుపు గురించో కాదు. "పొయ్యి వెలిగించే ముందు పిల్లల పక్కన కాసేపు కూర్చోండి" అనేది.

పిల్లలకు నచ్చింది పెట్టి ఊరుకుంటే అది ముద్దు మాత్రమే. మేలు చేసేదాన్ని వాళ్ళకు నచ్చేలా, నిజం చెప్పి, ఓపికగా పెట్టడమే ప్రేమ.