ఫిలోన్ ఒలిచిన మాట

ఫిలోన్‌కి మాటలంటే పిచ్చి. గ్రీకు సముద్రంలో ఒక చిన్న దీవి, దాని కొండ మీద ఒక మఠం, అందులో ముసలి గురువు ఇసిదోరు దగ్గర అతను శిష్యుడు. ఏ మాట చేతికి చిక్కినా బఠాణీకాయ ఒలిచినట్టు ఒలిచి చూపించేవాడు. హిప్పోపొటమస్ అంటే ఏటి గుర్రమని చెప్పి జాలర్లను నవ్వించేవాడు. చుక్కలన్నీ బుద్ధిగా వరస తప్పకుండా నడుస్తుంటే కొన్ని మాత్రం ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి కనక వాటికి ప్లానెట్లని పేరొచ్చిందని, అంటే ఉత్త తిరుగుబోతులని చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు. అంతవరకూ బాగానే ఉంది.

ఒకనాడు సముద్రం మధ్యలోంచి పొగ లేచింది. పట్టపగలు చీకటి పడింది. ఆకాశంలోంచి బూడిద కురిసింది. జనం పడుతూ లేస్తూ కొండెక్కి వచ్చి, "అయ్యగారూ, ఏమిటిది?" అని ఫిలోన్‌ని చుట్టుముట్టారు.

అతనికీ భయమేసింది. అయినా గొంతు పెంచి ఒక్క మాటన్నాడు.

"అపొకాలిప్సిస్!"

లోకం అంతమయ్యే ఘడియకి పెద్దలు చెప్పుకునే పేరది. వింటూనే అందరూ తలలు వంచేశారు. తన మాటకి ఇంతమంది తల వంచడం ఫిలోన్ ఎన్నడూ చూడలేదు. అంత భయంలోనూ అతనికి లోపలెక్కడో గర్వంగా అనిపించింది.

సరిగ్గా ఆ చీకట్లోనే థెక్లా అనే జాలరి ఇల్లాలు ప్రసవించింది. ఇంటికప్పు సందుల్లోంచి బూడిద రాలుతుంటే మంత్రసాని పసిగుడ్డు మొహం మీద పల్చటి గుడ్డ కప్పింది. తర్వాత చీకటి విడిపోయింది, పొగ సద్దుమణిగింది. ఆ గుడ్డ మాత్రం ఎవరూ తియ్యలేదు. అయ్యగారు చెప్పిన ఘడియలో పుట్టిన బిడ్డ, మొహం చూస్తే ఏం ముంచుకొస్తుందో! మేకపాలలో ముంచిన గుడ్డపీలికను ముసుగు కిందికి తోసి, తమ మొహాలు పక్కకి తిప్పుకుని పట్టేవాళ్ళు. కన్నతల్లి కూడా చూడలేదు. చివరికి ఊరంతా కూడబలుక్కుని, ఆ బిడ్డను పడవలో పెట్టి సముద్రంలోకి వదిలెయ్యాలని తేల్చారు. ఫిలోన్ వచ్చి ప్రార్థన చెయ్యాలిట.

అప్పుడు దిగింది గర్వం. అతను పరుగున గురువు దగ్గరికి వెళ్ళాడు.

"తండ్రీ, బిడ్డను చంపేస్తారు. మీరొచ్చి ఆపండి."

"వాళ్ళు విన్నది నీ మాట. నా మాట కాదుగా," అన్నాడు ఇసిదోరు.

"నేను లేనిపోనిది చెప్పలేదు తండ్రీ. పెద్దల మాటే చెప్పాను. ఒకవేళ నిజంగానే ఆ బిడ్డ..."

తానన్న ఆ పెద్ద మాటకి ఊళ్ళో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది అతనే. గురువు కర్ర అందుకుని లేచాడు.

"పద."

ఒడ్డున పడవ సిద్ధంగా ఉంది. ఇసుక మీద బుట్ట, బుట్టలో ముసుగు కప్పిన బిడ్డ. జనం దూరదూరంగా నిలబడ్డారు. వాళ్ళందరి వెనక థెక్లా అటు తిరిగి కూర్చుని ఉంది. ఇసిదోరు ఆయాసపడుతూ వచ్చి బుట్ట పక్కన చతికిలబడ్డాడు. పాఠం అప్పజెప్పించుకునే పంతులుగారిలా తాపీగా అడిగాడు.

"ఆ పెద్ద మాట ఒకసారి ఒలువు నాయనా."

"ఇప్పుడా తండ్రీ?"

"ఇప్పుడే."

ఫిలోన్ అప్పజెప్పాడు. "అపో అంటే పక్కకి. కలిప్తో అంటే కప్పడం. రెండూ కలిస్తే, కప్పిందాన్ని పక్కకి తియ్యడం."

"అంతేనా?"

"అంతే తండ్రీ."

ఇసిదోరు బుట్టను అతని వైపు జరిపాడు.

"అయితే తియ్యి."

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎవరో తల్లి తన పిల్లాడి కళ్ళు మూసింది. ఫిలోన్ గుడ్డ కొస పట్టుకున్నాడు. బూడిద నలకలు గుడ్డ మీంచి ఇసుకలోకి జారాయి. కళ్ళు మూసుకుందామనుకున్నాడు గానీ, గురువు తనకేసే చూస్తున్నాడు. తీసేశాడు.

బూడిద అంటిన చిన్న నుదురు. దాని కింద, పుట్టిన దగ్గర్నుంచి వెలుగెరగని కళ్ళు. అవి ఎండకి చికిలించుకుని, మళ్ళీ మెల్లగా విచ్చుకుని అతని కేసి చూశాయి. ఈ లోకంలో ఆ పాప చూసిన మొదటి మొహం అతనిదే.

పట్టపగలు ఆకాశం నల్లబడ్డప్పుడు కూడా అతని ఒళ్ళు ఇలా జలదరించలేదు. ఇన్నాళ్ళూ ఒలిచిన మాటలన్నీ ఎటు పోయాయో గానీ, నోట్లో ఒక్కటీ మిగల్లేదు. తెలియకుండానే మోకాళ్ళ మీద కూలబడి, పాప కళ్ళలో ఎండ పడకుండా తన తల అడ్డం పెట్టాడు. పాప తుమ్మింది. అతని వేలు చెంపకి తగిలితే అటు తిరిగి నోరు తెరిచింది.

"అయ్యగారూ, ఏం కనబడింది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "లోకం అంతమేనా?"

ఫిలోన్ బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని వాళ్ళ వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"తల్లిని పిలవండి," అన్నాడు. "పాపకి ఆకలేస్తోంది."