పుంజుగారి తనిఖీ

పశువులపాక వెనక, గడ్డివాము నీడలో కోడిపిల్లల బడి నడిచేది. పాఠం చెప్పేది నల్లపెట్ట. తనిఖీకి వచ్చేది ముసలి పుంజు. ఆ బడిలో పాఠం ఒక్కటే: గద్ద వస్తే గంప కింద దూరడం.

సోమవారం పొద్దెక్కాక పుంజు వచ్చేది. పిల్లల్ని కళ్లం నడుమ వరసగా నిలబెట్టి, తలలు వంచించి వల్లెవేయించేది.

"గద్దొస్తే?"

"గంప కిందికి!"

ఒక్క గొంతు తడబడినా నల్లపెట్టకు చీవాట్లే. అయినా వారానికో పిల్ల పోతూనే ఉంది.

"మావయ్యా, వీళ్లకి పాఠం నోటికొచ్చింది గానీ కాళ్లకి రాలేదు," అంది నల్లపెట్ట. "నిన్న చెప్పాపెట్టకుండా కేకేసి చూశాను. సగంమంది గంపలోకి పోలేదు. ఎందుకో తెలియడం లేదు. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని చూడండి. ఏదో ఒకటి మార్చి, మళ్లీ చూద్దాం."

పుంజుకు ఒళ్లు మండింది. "నా తనిఖీలో తేలనిది నీ కేకలో తేలిందా? కోడిగుడ్డుకు ఈకలు పీకకు. వరస వంకర పోకుండా చూసుకో, చాలు!"

మరుసటి సోమవారం వరస చక్కగా కుదిరింది. తలలన్నీ వంగాయి. "గద్దొస్తే?" అని పుంజు అంటుండగానే నేల మీద నీడ పడింది.

"గంప కిందికి!" అని అరిచాయి పిల్లలు. ఒక్కటీ కదల్లేదు.

గద్ద మూడుసార్లు వాలింది. మూడు పిల్లలు పోయాయి. పుంజు ఎగిరి తన్నబోయేసరికే అది తాటిమట్ట మీద ముక్కు తుడుచుకుంటోంది.

"పుంజుగారూ, వెతుక్కునే శ్రమ తప్పించారు. సోమవారం ఎప్పుడొస్తుందా అని కాచుకుంటాను. వరస మాత్రం బహు ముచ్చటగా ఉంటుంది!"

ఇన్నాళ్లూ ఆ మెప్పు కోసమే పాకులాడింది పుంజు. చివరికి దాన్ని గద్ద నోట వినాల్సొచ్చింది.

మర్నాడు వచ్చి నల్లపెట్ట పక్కన మట్టిలో కూర్చుంది. ఏమీ అడగలేదు. కేక పడగానే పిల్లలు గంప దాకా పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరుగుతున్నాయి.

"లోపల చీకటమ్మా," అంది పుంజు మెల్లగా. "జడుసుకుంటున్నారు."

ఆ రోజు నుంచి నల్లపెట్ట ముందు తనే దూరి, లోపల్నుంచి పిలిచింది. కొన్ని వచ్చాయి. వెనకబడ్డవాటిని గంప దగ్గరే మేపారు. మళ్లీ చూశారు. ఇంకొన్ని వచ్చాయి.

సోమవారం గద్ద వాలేసరికి వరసా లేదు, వల్లెవేతా లేదు. కాలు ఈడ్చే కుంటిపిల్ల ఒక్కటే చిక్కింది.

"ఒక్కటేగా పోయింది" అనబోయి, నల్లపెట్ట మొహం చూసి పుంజు నోరు మూసుకుంది.

"కుంటిది ఇంకొకటుంది మావయ్యా," అంది నల్లపెట్ట. "రేపు దాన్ని చూద్దాం. పొద్దున్నే రండి."

తప్పు పట్టే చూపు గద్దకూ ఉంటుంది. పక్కన కూర్చుని చూసే చూపే పిల్లల్ని కాస్తుంది.