కొసరు పక్షులు

అనగనగా, మనిషి మాట పావురం నోట తప్ప ఊరు దాటని కాలంలో, పాలవెల్లి అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో పావురాలు మాట్లాడేవి. చెవిలో ఏ మాట చెబితే ఆ మాటను పొల్లుపోకుండా మోసుకెళ్ళి అప్పజెప్పేవి. అలాంటి పావురాలన్నీ మణిగుప్తుడనే వర్తకుడి దగ్గరే ఉండేవి. పావురం కావలసినవాళ్ళు ఏడాదికి సరిపడా జొన్నలు అతని గాదెలో ముందే పోయాలి. అతని సేవకుడు రోజూ పొద్దున్నే ఇంటికి వచ్చి, ఆ జొన్నల్లోంచి సోలెడు పావురం గిన్నెలో పోసి వెళతాడు. అదీ ఏర్పాటు.

ఆ రాజ్యంలో, ఏటికి ఇవతలి ఒడ్డున నాంచారమ్మ అనే అవ్వ ఉండేది. అవతలి ఒడ్డున, కొండ మీది పల్లెలో ఆమె అక్క అలివేలమ్మ ఉండేది. ఇద్దరికీ వయసు మళ్ళింది. ఏరు దాటే ఓపిక ఇద్దరికీ లేదు.

నాంచారమ్మకు ఒకటే దిగులు, మతిమరుపు. పప్పులో ఉప్పు వేశానా లేదా, తలుపు గడియ పెట్టానా లేదా అని రోజంతా సతమతమయ్యేది. ఇవాళ ఉప్పు మరిచాను, రేపు అక్క పేరే మరిచిపోతానేమో అని లోలోపల వణికేది. కానీ ఒక ధైర్యం ఉంది. ఆమె మరిచినవి అక్కకు గుర్తుండేవి. అక్క మరిచినవి ఆమెకు గుర్తుండేవి. "మన అమ్మ పెళ్ళిళ్ళకు కట్టుకునే చీర అంచు ఏ రంగే?" అని ఒకరు అడిగితే, "కనకాంబరం రంగు. ఆ మాత్రం గుర్తులేదూ?" అని రెండోవారు దెప్పేవారు. ఇద్దరి బుర్రలూ కలిస్తే ఒక నిండు జ్ఞాపకం. అందుకే ఆమెకు పావురం కావాలి.

ఒక శ్రావణ మాసంలో నాంచారమ్మ తన చేలో పండిన జొన్నలు మణిగుప్తుడి గాదెలో పోసి, మెడ మీద నల్లచుక్క ఉన్న తెల్ల పావురాన్ని తీసుకుంది. దానికి చుక్కి అని పేరు పెట్టింది. లేవబోతూ, "కొసరు లేదా నాయనా?" అని అడిగింది.

ఆ ఊరి ఆడవాళ్ళ నోటికి అది అలవాటు. వంకాయలు కొన్నా, మూరెడు మల్లెపూలు కొన్నా, కొసరు అడగకుండా లేవరు. రెండు వంకాయలో, నాలుగు మొగ్గలో చేతిలో పడితేనే వాళ్ళకు బేరం ముగిసినట్టు.

"ఎందుకు లేదు అవ్వగారూ! మీవంటి పెద్దలకు వేయకపోతే ఎవరికి వేస్తాను?" అని మణిగుప్తుడు నవ్వి చప్పట్లు కొట్టాడు. సేవకులు మూడు పంజరాలు తెచ్చారు. ఒకదాంట్లో రోజూ జాతకం చెప్పే చిలుక. ఒకదాంట్లో ఇంటికి కబురు వచ్చినప్పుడల్లా ముందు పాట పాడే గోరింక. మూడోదాంట్లో నగరంలో జరిగే కోడిపందేల్లో ఎవరు గెలిచారో తెల్లవారకముందే అరిచి చెప్పే కోడిపుంజు.

"ఇవన్నీ నాకెందుకు నాయనా?"

"ఊరికే వస్తుంటే వద్దంటారా? ఉంచండి అవ్వగారూ, సందడిగా ఉంటుంది."

ఊరికే అన్నాడు కదా అని అవ్వ మూడింటినీ ఇంటికి తెచ్చుకుంది.

ఒక నెల బాగానే గడిచింది. నెల తిరిగిన మర్నాడు సేవకుడు వచ్చి, సోలెడు జొన్నల్లో సగానికి పైగా చిలుకకూ గోరింకకూ కోడిపుంజుకూ పోసి, అడుగున మిగిలిన గింజలు మాత్రం చుక్కి గిన్నెలో రాల్చాడు.

"ఇదేమిటయ్యా?" అంది అవ్వ.

"కొసరు పక్షులకు నెల రోజులే ఊరికే మేత. ఇక మీ జొన్నల్లోంచే. ముందు వాటికి, మిగిలితే పావురానికి."

"నాకు వద్దు. తీసుకుపో."

"తీసుకుపోవడం నా పని కాదు. పోయడమే నా పని. పంజరాల మీద అయ్యగారి ముద్ర ఉంది, చూశారా? మీ అంతట మీరు తలుపు తీస్తే పావురాన్ని కూడా పట్టుకుపోతాం." అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అవ్వ పొరుగువాళ్ళతో మొర పెట్టుకుంది. "మా ఇంట్లోనూ ఉన్నాయి అవ్వా. ఎవరింట్లో లేవు? తిరిగి ఇచ్చేయడానికి ఆ మణిగుప్తుడి గుమ్మాల చుట్టూ ఎవరు తిరుగుతారు? పోనీలే అనుకుని ఊరుకున్నాం" అన్నారు వాళ్ళు.

పోనీలే అనుకోవడానికి అవ్వకు వీలు లేదు. ఆ వారమే చుక్కి అక్క దగ్గర నుంచి కబురు తెచ్చింది. గోరింక పాట రెండు చరణాలూ అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పింది: "జ్వరంగా ఉందే నాంచారీ. లేవలేకుండా ఉన్నాను. రోజూ ఒక మాట పంపు. నీ మాట వినబడితే రాత్రి గడుస్తుంది."

మర్నాడు చుక్కి ఏటి నడుమదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. "రెక్క ఆడడం లేదు అవ్వా" అంది. అవ్వ తన అంబలికని ఉంచుకున్న గింజలు దాని ముందు పోసింది. కానీ ఆమె కుండలో ఉన్నదెంత? పండినదంతా ఆ గాదెలోనే పోసింది కదా!

అవ్వ కర్ర పట్టుకుని మణిగుప్తుడి కోటకు బయలుదేరింది.

కోటకు పడమటి గుమ్మం ఉంది. దానికి పూల తోరణాలు. కొత్త పక్షులు కావాలని వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లి, చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళుతున్నారు. తిరిగి ఇవ్వడానికి వచ్చానంటే అవ్వను వెనక్కి, ముళ్ళపొదల పక్క సందులోకి పంపారు. అక్కడ మూసిన తలుపు, దాని పక్కన పంజరంలో ఒక మైనా. "కొత్త పక్షి కావాలంటే పడమటికి వెళ్ళండి. జొన్నలు పోయాలంటే తూర్పుకు వెళ్ళండి. మరేదైనా అయితే ఉన్నచోటనే ఉండండి. మీ రాక మాకెంతో సంతోషం" అని అది చెప్పిందే చెబుతోంది.

"సంతోషమైతే తలుపు తియ్యవే" అంది అవ్వ.

"మీ రాక మాకెంతో సంతోషం" అంది మైనా.

పొద్దు వాలేదాకా నిలబడినా తలుపు తెరుచుకోలేదు.

రెండోసారి అవ్వ తెల్లవారకముందే వెళ్ళి, కర్రతో తలుపు దబదబా బాదింది. ఒక గుమస్తా తొంగిచూశాడు. "పక్షులు వద్దా? దానికేం, అలాగే. ముందు ఆ పక్షులు తీసుకున్నది నువ్వేనని మాకు నమ్మకం కుదరాలి. ఏ తిథినాడు, ఏ వేళకు తీసుకున్నావు?"

"మీ మనిషి రోజూ మా ఇంటికే వచ్చి గింజలు పోస్తున్నాడు. అప్పుడు అక్కరలేని నమ్మకం ఇప్పుడెందుకయ్యా?"

"తిథి చెప్పు."

అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. చవితా? పంచమా? నాలుక చివరదాకా వచ్చినట్టే వచ్చి జారిపోయింది. గుమస్తా జాలిగా తల ఊపి, "వయసైపోయింది పాపం" అని తలుపు వేశాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ అవ్వ ఇంటికి వచ్చింది. పంజరంలో చిలుక గొంతు తగ్గించి, "శ్రావణ శుద్ధ పంచమి, మిట్టమధ్యాహ్నం" అంది.

"నువ్వెందుకు చెబుతున్నావే? నిన్ను వదిలించుకోవడానికే కదా నా తిప్పలన్నీ!"

"నా మీద కోపం దేనికి అవ్వా? నేనేమైనా నీ ఇంటికి వస్తానని అడిగానా? రోజూ ధనలాభం, వాహనయోగం అని అబద్ధాలు చెప్పలేక నా నోరు పడిపోతోంది. నాకూ అడవికి పోవాలని ఉంది."

మూడోసారి అవ్వ తిథి చెప్పింది, వేళ చెప్పింది. గుమస్తా వేరే దారి లేక ఆమెను మణిగుప్తుడి ముందుకు తీసుకువెళ్ళాడు.

"అయ్యయ్యో, ఎంత శ్రమపడ్డారు అవ్వగారూ!" అన్నాడు మణిగుప్తుడు. "కానీ కొసరు కావాలని మీరే కదా నోరు తెరిచి అడిగారు? మరిచిపోయారు. పెద్ద వయసు, తప్పులేదు. చూడండి, మతిమరుపు ఉన్నవాళ్ళు రాత్రి తలుపులు వేసుకోవడం కూడా మరిచిపోతారు. మీకోసం కాపలా గుడ్లగూబను ఇస్తున్నాను. మొదటి నెల ఊరికే!"

అవ్వ తేరుకునేలోపు చేతిలో పంజరం పెట్టి, పన్నీరు చల్లి, పడమటి గుమ్మంలోంచి సాగనంపారు. మూడు పక్షులను వదిలించుకోవడానికి వెళ్ళిన అవ్వ నాలుగో పక్షితో ఇల్లు చేరింది.

వాకిట్లో చుక్కి పడి ఉంది. కళ్ళు సగం మూసుకుని, "అక్కగారికి ఏం చెప్పమంటావు అవ్వా?" అని గొణిగింది. లేవబోయి ఒరిగిపోయింది.

అప్పుడు అవ్వ కడుపు మండిపోయింది. "నా గింజలు తిన్నారు, ఊరుకున్నాను. నా కాళ్ళు అరిగేలా తిప్పారు, ఊరుకున్నాను. అక్కడ మా అక్క నా మాట కోసం చెవులు రిక్కించుకుని పడి ఉంటే, దారి కోసేసింది చాలక, నా మతి మీదే తప్పు తోస్తారా!" అంది. చుక్కిని చీర మడతలో పొదువుకుంది. పొరుగువాళ్ళ చేత నాలుగు పంజరాలూ బండిలో పెట్టించుకుని నేరుగా రాజు కొలువుకు పోయింది.

చిత్రసేన మహారాజు అంతా విని మణిగుప్తుడిని పిలిపించాడు.

"ప్రభూ, నేను బలవంతంగా ఎవరికీ ఏమీ ఇవ్వను. అవ్వగారే అడిగారు. ఇప్పుడు మరిచిపోయారు" అన్నాడు వర్తకుడు చేతులు కట్టుకుని.

రాజు మంచివాడు. తొందరగా తేల్చేయాలనుకున్నాడు. "అవ్వా, నిజంగానే మరిచిపోయి ఉంటే ఆ ఒక్క మాట చెప్పు. వృద్ధురాలివి. నీ ఇంటి పక్షులను ఇప్పుడే తీయించేస్తాను."

చెప్పేయమని పొరుగువాళ్ళు వెనక నుంచి సైగలు చేశారు. చీర మడతలో చుక్కి గుండె సన్నగా కొట్టుకుంటోంది. ఒక్క మాట అంటే చాలు.

అవ్వ తల ఎత్తింది. "మరిచిపోలేదు రాజా. అడిగాను. ఈ నోటితోనే, కొసరు లేదా నాయనా అని అడిగాను."

కొలువంతా గుసగుసలు. మణిగుప్తుడు మీసం దువ్వుకున్నాడు.

"నేను మరిచానని ఒప్పుకుంటే నా ఇంటి పక్షులు పోతాయి. అవే రేపు ఇంకో ముసలిదాని వాకిట్లో దిగుతాయి. ఆవిడ కూడా మరిచిపోయిందనే అంటారు. అందుకే ఒప్పుకోను. ఇక నన్నొక మాట అడగనివ్వండి. ఏమయ్యా మణిగుప్తా, నువ్వు నాకు ఇచ్చింది కొసరా, అమ్మకమా?"

"కొసరే! కొలువు సాక్షిగా కొసరే" అన్నాడతను.

"రాజా, మీ రాణిగారి చెలికత్తెలు ఇక్కడే ఉన్నారు. సంతకు పోయేవాళ్ళే. వంకాయల మీద వేసిన కొసరుకు నెల తరవాత ఇంటికొచ్చి వెల అడిగినవాడిని ఎవరైనా చూశారేమో అడగండి."

చెలికత్తెలు చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "చూడలేదు ప్రభూ. అలా వస్తే చీపురు తిరగేయమూ!"

"మరి కొసరే అయితే, ఆ రోజే ఇతను చెయ్యి దులుపుకున్నట్టు. ఈ పక్షులు నావి. నావైతే నా ఇష్టం, వదిలేస్తాను. ఇతని ముద్ర వాటి మీద చెల్లదు, వాటి పేరు చెప్పి నా పావురం నోటి దగ్గర గింజ తీసే హక్కు ఇతనికి లేదు. కాదు, అమ్మకమే అంటాడా, వెల ఇంత అని నాతో ఏనాడు చెప్పాడో, నేను ఏనాడు సరేనన్నానో చెప్పమనండి. నన్ను అడిగినట్టే తిథీ వేళా చెప్పమనండి!"

మణిగుప్తుడు తలపాగా సర్దుకున్నాడు. "కొ... కొసరే" అన్నాడు నీళ్ళు నములుతూ.

ఆ మాట ముగియకముందే అవ్వ పంజరాల ముద్రలు కర్రతో పగలగొట్టి తలుపులు తెరిచింది. చిలుక రాజుగారికి జాతకం చెప్పకుండానే అడవి దారి పట్టింది. గోరింక పాట ఊసెత్తకుండా కిటికీలోంచి దూసుకుపోయింది. కోడిపుంజు బతుకుజీవుడా అని కొలువు మెట్లు దిగి పరుగెత్తింది. పగటిపూట కళ్ళు కనబడని గుడ్లగూబ మాత్రం తడబడుతూ ఎగిరి, మణిగుప్తుడి తలపాగా మీద స్థిరంగా కూర్చుంది. ఎంత విదిలించినా దిగలేదు. రాజు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

పొరుగువాళ్ళు ఊళ్ళోకి పరుగెత్తారు. పోనీలే అనుకున్న ప్రతి ఇంట్లోనూ పంజరం తలుపులు తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం పాలవెల్లి ఆకాశం రంగురంగుల రెక్కలతో నిండిపోయింది.

తరవాత రాజు తీర్పు చెప్పాడు. పక్షులు తిన్న గింజలు ప్రతి ఇంటికీ తిరిగి కొలిచి పోయాలి. ముళ్ళపొదల పక్క తలుపును గోడతో మూసేయాలి. పక్షిని ఏ గుమ్మంలో ఇస్తారో ఆ గుమ్మంలోనే, అంతే మర్యాదగా, వద్దన్న వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఆ గుమ్మం దగ్గర ఏడాది పాటు మణిగుప్తుడే స్వయంగా నిలబడాలి.

కడుపునిండా తిని చుక్కి తేరుకుంది. అవ్వ మాట తీసుకుని ఏరు దాటింది. పొద్దు గుంకేవేళకు తిరిగి వచ్చి అక్క మాటను అక్క గొంతుతోనే అప్పజెప్పింది: "జ్వరం మొన్ననే తగ్గిందిలే. నీ మాట లేక నిద్ర పట్టక చచ్చాను. ఇన్నాళ్ళూ ఏ రాచకార్యం వెలగబెడుతున్నావే?"

అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, జరిగిందంతా మొదటి నుంచి చుక్కి చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.

కాబట్టి పిల్లలూ, సరే అనడానికి తలుపు తెరిచి, వద్దు అనడానికి తలుపు మూసేవాడు వర్తకుడు కాడు, దొంగ. వాడి ముందు మన తప్పేమోనని తల దించుకోకూడదు, పోనీలే అని ఊరుకోనూ కూడదు.