ముడి లేని కొయ్య

ప్రొఫెసర్ పెంచల ప్రసాదు గారికి ఆ వారమంతా అన్నం సయించలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఆయన రాసిన మూడు వాక్యాలు తుడిచేశాడు.

ఆయన మామూలు మనిషి కాదు. మా ఉప్పునీటి సరస్సు మీద ముప్పై ఏళ్లు పరిశోధన చేశారు. చదివిన పుస్తకాలన్నీ పేరిస్తే సరస్సుకు అడ్డంగా కట్ట పడిపోతుంది. ఏ చేప ఏ పూట ఆవులిస్తుందో కూడా ఆయన నోటుపుస్తకాల్లో ఉందని చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, చెప్పేది ఎక్కువగా నేనే.

ఉద్యోగం అయిపోయాక, తెలిసిందంతా అందరికీ అందాలని, నెట్‌లో ఉండే విజ్ఞానసర్వస్వంలో రాయడం మొదలుపెట్టారు. దాంట్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మా సరస్సు పేజీలో, పడవల దోవ ఏటేటా ఎటు జరుగుతుందో మూడు వాక్యాలు చేర్చారు. గంట తిరక్కముందే అవి లేవు. తీసేసిన మనిషి పేరు 'గువ్వ27'. పోతూ పోతూ ఒక ముక్క రాసిపెట్టాడు: "మూలం ఎక్కడిది?"

"మూలం నేనే" అని రాసి ప్రసాదు గారు మళ్లీ చేర్చారు. మళ్లీ పోయాయి. మూడోసారి తన డిగ్రీలన్నీ కింద రాశారు. ఆ బరువుకు కంప్యూటరు ఒక పక్కకు ఒరిగింది. అయినా పోయాయి.

అప్పుడు ఆయన సరస్సు నడుమ ఉన్న మా దిబ్బకు వచ్చారు, మౌలాలి తాత దగ్గరికి.

మౌలాలి తాత దర్గాలో దీపం పెడతాడు, పడవ నడుపుతాడు. వయసు నూటపది. నాకు ఊహ తెలిసినప్పుడూ నూటపదే. ప్రసాదు గారు కుర్రతనంలో సరస్సు కొలవడానికి వచ్చినప్పుడు చేతికి గెడ ఇచ్చి పడవ తొయ్యడం నేర్పింది తాతే. అప్పటినుంచీ ప్రసాదు గారికి తాత గురువు.

"ఇక ఒక్క అక్షరం రాయను తాతా. నోటుపుస్తకాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తా. ముప్పై ఏళ్ల పని నాతోనే పోనీ."

తాత చిలుం పక్కన పెట్టాడు.

"అవతలి రేవుకు పోతన్నా అబ్బయా. రా."

పడవలో ఎండుచేపల గంప పక్కన నేనూ కూర్చున్నా. ఆ పొద్దు మంచు ఎట్లా ఉందంటే, కత్తిపీటతో కోసుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీదు. ఎక్కడో లక్ష కొంగలు నిద్రలో మాట్లాడుకుంటున్నాయి.

మా సరస్సు చాలా చోట్ల మోకాలి లోతే. పడవ పోయే దోవ దారమంత సన్నం. దాని వెంబడే కొయ్యలు పాతి ఉంటాయి. పాతేది ఫలానా వాళ్లని లేదు. గాలివానకు ఒకటి కొట్టుకుపోతే, అటుగా పోయేవాళ్లు ఇంకోటి పాతుతారు. ప్రతి కొయ్యకూ ఒక తాడు, తాడుకు ముడులు. ఎన్ని ముడులో అక్కడ అన్ని మూరల నీళ్లు. వెనక వచ్చేవాళ్లు గెడ ముంచి సరిచూసుకుంటారు.

సగం దూరం పోయాక ఒక చోట కొయ్య లేదు. తాత పడవ అడుగునుంచి ఒక కొయ్య తీసి ప్రసాదు గారి చేతికిచ్చాడు.

"దోవ నీకు తెలుసు గదా. పాతు."

ప్రసాదు గారు గెడ ముంచలేదు, కొలవలేదు. ఒకసారి నీళ్ల రంగు చూసి పాతేశారు. సరిగ్గా దోవ అంచునే. వెంట్రుకవాసి తేడా లేదు.

తాత పడవ పక్కకు తోసి, గెడ మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. కూర్చున్నాం. నాకైతే ఆ కూర్చోవడంలో రెండు మూడు ఏళ్లు గడిచినట్టుంది.

మంచులోంచి ఒక పడవ వచ్చింది. రొయ్యలమ్మే చెంగమ్మ. కొత్త కొయ్య చూసి ఆగింది. చేత్తో తడిమింది. ఒక్క గుంజు గుంజి పీకి పడవలో పడేసింది.

"ఏమ్మా! ఎందుకు పీకావు?" అని అరిచారు ప్రసాదు గారు.

"ముడి లేదు గదయ్యా."

"దాన్ని సరైన చోటే పాతాను."

"అయ్యుండొచ్చు."

"నేనెవరో తెలుసా? ఈ సరస్సు మీద ముప్పై ఏళ్లు..."

"మంచిది సామీ. రేపు పొద్దున మా కోడలు ఒక్కతే వస్తది ఈ దోవన. కడుపుతో ఉంది. అప్పుడు మీరు ఈడ నిలబడి ఉంటారా?"

ప్రసాదు గారు ఆమె పడవలో పడి ఉన్న కొయ్య వైపు చూశారు.

"దానికి మీరు అగపడరు. కొయ్యే అగపడేది," అంది చెంగమ్మ. కొయ్యతోపాటు వలలోంచి ఒక తాడుముక్క తెంపి ఇచ్చింది.

ప్రసాదు గారు గెడ ముంచారు. తీసి, తడి మేరకు మూరతో కొలిచారు. ఇంకోసారి ముంచారు. వంగి, చిన్నపిల్లవాడిలా నాలుక బయటపెట్టి, నాలుగు ముడులు వేశారు. కొయ్య పాతారు.

చెంగమ్మ తన గెడ ముంచి చూసుకుంది. మంచులో కలిసిపోయింది.

అవతలి రేవులో సిగ్నలు దొరుకుతుంది. ఆ సాయంత్రం ప్రసాదు గారు వలల కుప్ప మీద కూర్చుని ఫోనులో రాశారు. ఈసారి రెండు వాక్యాలే. ఒక్కోదాని పక్కన ఏ పత్రిక, ఏ సంవత్సరం, ఏ పేజీ. అవన్నీ ఆయనకు నోటికొచ్చు. మూడో వాక్యం నోటుపుస్తకంలో తప్ప ఇంకెక్కడా అచ్చు కాలేదు. దాన్ని ఆపుకున్నారు, అచ్చయ్యేదాకా.

కాసేపటికి గువ్వ27 వచ్చి చూశాడట. ఒక మాట మార్చాడు. మిగతాది ఉంచాడు.

"మార్చిన మాటే బాగుంది," అన్నారు ప్రసాదు గారు, మాతో కాదు, ఫోనుతో.

మర్నాడు తెల్లారి తిరిగి బయల్దేరాం. నిన్నటి మంచుకు ఇది పెద్దక్క. ఎదురుగా ఉన్న ఎండుచేపల ఖాళీ గంప వాసన కొడుతోందే గానీ కనిపించలేదు. కొయ్యలు ఒక్కటొక్కటే తేలి వచ్చి, తాడు ఊపి, వెనక్కి పోతున్నాయి. తాత ఒక్కోదాని దగ్గర గెడ ముంచుతున్నాడు, సాగుతున్నాడు. ఒక చోట ఎవరిదో గాజుల చప్పుడు మమ్మల్ని దాటి, దోవ వెంబడే నిదానంగా పోయింది.

చాలాసేపటికి తాత అడిగాడు.

"వీటిల్లో నువ్వు పాతింది ఏది అబ్బయా?"

ప్రసాదు గారు వెనక్కి తిరిగి చూశారు. కొయ్యలు. తాళ్లు. మంచు.

"తెలియలేదు తాతా."

పడవ అడుగు మెత్తగా ఇసుకను తాకింది.

"రేవొచ్చింది," అన్నాడు తాత. "దిగు."