చప్పట్లకి పలికే దాసి

అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు నాకూ తెలీదు, అడక్కండి, ఒక రాజుగారు. ఆయన కోటలో ఒక దాసీది. చిన్నపిల్లప్పుడు యుద్ధంలో వాళ్ళమ్మ ఒళ్ళోంచి లాక్కొచ్చేశారు, పాపిష్టివాళ్ళు. ఊ కొట్టండర్రా!

దాసీలకి పేర్లుండకూడదని ఆ కోటలో కట్టడి. నీళ్ళకి ఒక చప్పట, అన్నానికి రెండు, కాళ్ళు పట్టడానికి మూడు. కొడితే రావాలి, మళ్ళీ కొడితే పోవాలి. అలా ముప్పయ్యేళ్ళు. అమ్మ పెట్టిన పేరు మర్చిపోతానేమోనని దానికి ఒకటే బెంగ. అందుకని వడ్లు దంచేటప్పుడు, రోకటి పోటుకోసారి, తన పేరు తనే లోపల్లోపల పిలుచుకునేది. ఎంత ఒంటరిదో చూడండి.

ఇలా ఉండగా రాజుగారికి కొత్తకోడలొచ్చింది. గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడి పేర్లు చెప్పి రమ్మంటుంది కదా, మీ పిన్ని పెళ్ళిలో చూశారుగా? అలా పేరు చెప్పినవాళ్ళే ఇంటివాళ్ళని అక్కడి ఆచారం. కోడలు మొగుడి పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. వెనకాల సారెపెట్టె మోసుకొస్తున్న మన దాసీదాన్ని చూపించి, మరి ఈవిడ పేరో అంది.

దాసీదానికి పేరేమిటన్నాడు రాజు. అయితే నేనూ లోపలికి రానంది కోడలు. ముహూర్తం దాటిపోతోంది. అత్తగారు బతిమాలింది, ఆడపడుచు బతిమాలింది, పురోహితుడు బతిమాలాడు. కదిలితేనా! చివరికి రాజు విసుక్కుని, చెప్పి చావమన్నాడు.

పాపం, దాసీది ఆ పేరు పైకి అని ఎన్నేళ్ళైందో! పెట్టె దింపి, కళ్ళు మూసుకుని, రోకలి పట్టుకున్నట్టు చేతులు ఎత్తి దించింది. "గవరమ్మ" అంది.

ఇక ఈవిడ ఇంటిమనిషి, దాసి కాదంది కోడలు. తన ఇంటి ఆచారం తనే కాదనలేక రాజు సరేనన్నాడు. అది చూసి దాసీలందరూ గుమ్మం ముందు వరస కట్టారు, పేర్లు చెప్పడానికి!

ఇక ఆపేవాళ్ళు లేరుగా, గవరమ్మ వాళ్ళమ్మని వెతుక్కుంటూ తన ఊరికి బయల్దేరింది. కొంతదూరం పోయాక కోడలు గుమ్మంలోంచి "గవరమ్మా!" అని కేకేసింది. ఎందుకమ్మా అంటే, ఊరికేనంది. ఆ పిలుపు తలుచుకుని దారంతా ఏడ్చింది గవరమ్మ. వాళ్ళమ్మ ఉందా అంటావా? ఉంది నాన్నా. నా కథలో ఉంది.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. రేపు గిన్నెలు తోమే ఆవిణ్ణి 'ఏయ్' అన్నావో, చూడు! నాగరత్నమని చక్కటి పేరుంది ఆవిడకి. మనలాంటి మనిషే.

నాకా? నాకూ ఉంది పేరు. మా అక్క పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. భ్రమరాంబ. నవ్వకు. ఏదీ, ఊరికే ఒకసారి పిలు.

ఊఁ.